ఇనుప రాయి, ఆటగాడు, ఐదు శాతం

(నగర్‌నార్‌లో తెలుగు కార్మిక కుటుంబాలు, జగదల్‌పూర్ నుంచి వచ్చిన విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో ఒక ఫుట్‌బాల్ కోచ్ చేసిన ప్రసంగం)



యూరప్‌లో ఆడే ఆఫ్రికా ఫుట్‌బాలర్ల గురించి మాట్లాడమన్నారు నన్ను. నగర్‌నార్‌లో ఈ గొడవేంటని మీలో కొందరు అనుకునే ఉంటారు. కానీ కిరండూల్ నుంచి కొత్తవలస పోయే గూడ్సు బండ్లు చూస్తూ పెరిగినవాళ్లకి ఈ కథ నాకంటే బాగా తెలుసు. 1960ల చివరి నుంచి బైలడీలా రాయి ఆ బండ్లలో విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్‌కి పోయింది. రాయి మనది, ఉక్కు వాళ్లది. ఇక్కడ ప్లాంటులో ఉక్కు తయారయ్యేసరికి 2023 వచ్చింది. అదీ, గ్రామసభ మాట వినలేదని 2001లో ఈ ఊళ్లవాళ్లు పోరాడిన భూమి మీద.

ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి రైలు లైను ఒకటుంది. బమాకో, అక్రా, డకార్‌ల నుంచి పారిస్, లిస్బన్‌లకి. అయితే ఆటగాడు రాయి కాదు. వాడికి నోరుంది, అలిగి వెళ్లిపోగలడు కూడా.

మాలీకి చెందిన సలీఫ్ కెయిటానే తీసుకోండి. 1967లో పారిస్‌లో విమానం దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ లేరు. టాక్సీ ఎక్కి దాదాపు 500 కిలోమీటర్లు ప్రయాణం చేసి సెయింట్ ఎటియెన్ క్లబ్బుకి చేరాడు. కిరాయి క్లబ్బే కట్టింది. 1970లో ఆఫ్రికా ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు మొట్టమొదట ఆయనకే ఇచ్చారు. తర్వాత మార్సెయిల్ క్లబ్బుకి మారాడు. విదేశీ ఆటగాళ్ల కోటా ఖాళీ అవుతుందని, ఫ్రెంచి పౌరసత్వం తీసుకొమ్మన్నారు. ఒప్పుకోలేదు. 1973లో స్పెయిన్‌కి, వలెన్సియాకి వెళ్లిపోయాడు. గోల్స్ కావాలి, మాలీ మాత్రం వద్దు. ఇది మనకి కొత్తేం కాదు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో పల్వంకర్ బాలూ వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టుకి ఆయన చెయ్యి కావాల్సొచ్చింది, కెప్టెన్సీ మాత్రం ఇయ్యలేదు.

కెయిటా చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనపడేది ఆయన కొట్టిన గోల్స్ కాదు, తర్వాత బమాకోకి తిరిగొచ్చి పెట్టిన ఫుట్‌బాల్ కేంద్రం. ప్లాంటు ఊళ్లోనే పెట్టడమంటే అదీ.

ఇక చీకటి వైపు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని దేశం దాటించి బదిలీ చేయకూడదని ఫిఫా 2001లో గట్టి నియమం పెట్టింది. మినహాయింపులు కొద్దే. ఎందుకంటే, ట్రయల్స్ పేరుతో దొంగ ఏజెంట్లు ఆఫ్రికా కుటుంబాల దగ్గర డబ్బు గుంజి, పిల్లల్ని పారిస్ వీధుల్లో వదిలేసేవాళ్లు. అలాంటి పిల్లల కోసమే కామెరూన్ మాజీ ఆటగాడు జాన్ క్లోడ్ ఎంబూమిన్ 2000లో ఫుట్ సాలిడేర్ అనే సంస్థ పెట్టాడు.

పారిస్ దాకా ఎందుకు? నా దగ్గర ఆడే కుర్రాడొకడికి పోర్చుగల్‌లో ట్రయల్ అని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. నాలుగు లక్షలు కట్టాలట. వాడికి పదహారేళ్లు. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీ. "ఊర్లో ముప్పై సెంట్లుంది సారూ, అమ్మీమంటారేటి?" అని అడిగాడు. వయసు నియమం చెప్పాను. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఫిఫా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చని చెప్పాను. చూశాం, లేదు. సంతోషించాలి కదా? ఆ కుర్రాడు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి, ఐదు శాతం. ఒప్పందం మధ్యలో ఆటగాణ్ని దేశం దాటించి ఫీజుకి అమ్మితే, ఆ ఫీజులో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల దాకా ఆట నేర్పిన క్లబ్బులకి చెందాలి. పన్నెండు నుంచి పదిహేనేళ్ల వయసులో ఏడాదికి పావు శాతం, ఆపైన అర శాతం. కోటి రూపాయల ఫీజు అనుకోండి, ఆ తొలి నాలుగేళ్లు నేర్పిన క్లబ్బుకి లక్ష వస్తుంది. అది దానం కాదు, బాకీ. కానీ క్లబ్బుకి రిజిస్ట్రేషన్ ఉండాలి, పిల్లవాడి పేరు ఏ ఏడు ఎక్కడ ఆడాడో రికార్డులో ఉండాలి. చెరువు గట్టు కింద నేర్పిన మాస్టారికి ఏ రికార్డుంది?

జిల్లా ఖనిజ నిధి గురించి చదివినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. 2015 చట్ట సవరణతో వచ్చింది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం గని ప్రాంతానికి దక్కాలి. చట్టంలో హక్కు రాసి ఉండడం వేరు, మన కాగితం మన చేతిలో ఉండడం వేరు. చదువుకోండి, పోరాడండి అని బాబాసాహెబ్ అన్నదాన్ని నేనైతే ఇక్కడ "ఫారం నింపండి" అని కూడా చదువుకుంటాను.

మన సౌమ్య గుగులోత్‌ని మరువకూడదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, లంబాడా బిడ్డ. 2022లో మధ్యప్రదేశ్‌కి చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి వెళ్లింది. తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫెడరేషన్ ఆమెనే ఎంచింది. ఆమె పేరు చెప్పి మురిసిపోయే యూనివర్సిటీ మిత్రులు ఒక పని చేయొచ్చు: తండాల్లో, గూడేల్లో ఆట నేర్పుతున్న మైదానాల్లో ఎన్నింటికి రిజిస్ట్రేషన్ ఉందో లెక్క తీయండి. మంచి పరిశోధన అవుతుంది, పనికొస్తుంది కూడా.

మేం మా జట్టుకి క్లబ్ రిజిస్ట్రేషన్ పెట్టాం. పిల్లల కాగితాలు ఒక్కొక్కటే జత చేస్తున్నాం. ఆ పోర్చుగల్ కుర్రాడు ఇక్కడే వెనక వరసలో ఉన్నాడు, ఇప్పుడు మాట్లాడుతున్నాడులెండి. వాడి పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒక్కటే రావాలి. అది శ్రీకాకుళంలో పంచాయతీ ఆఫీసులో ఉంది. ఈ వారం అటు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, సభ అయ్యాక నన్ను కలవండి.