పటంలో మొగం ఉండాది, పేరేది?

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సభల్లో మాట్లాడిన మాటలు)



ముందు ఒక అమెరికా సంగతి చెప్తాం. బఫెలో పట్నంలో మిల్టన్ రోగోవిన్ అని కళ్లద్దాల డాక్టరు ఉండేవాడు. యూదుల బిడ్డ. 1957లో కమ్యూనిస్టువా అని విచారణకు పిలిస్తే నోరు విప్పలేదు. ఆయన దగ్గరికి వచ్చే జనం తగ్గిపోయినారు. 1958లో కెమెరా పట్టుకొని నల్లవాళ్ల చర్చిలకు పోయినాడు. అంగడి గదుల్లో పెట్టుకున్న చిన్న చర్చిలవి. పాట, పూనకం, కన్నీళ్లు, అంతా పటం తీసినాడు. ఆ పటాలకు ముందుమాట రాసింది నల్లవాళ్ల పెద్ద డుబోయిస్. 1946లో మన బాబాసాహెబు జాబు రాసింది ఈయనకే.

మరి మన పేటల సంగతి? లండన్ మిషన్ దొరలు కడపకు 1822లోనే వచ్చినారు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వాళ్లు పెట్టిందే. ఆ మిషన్ కాగితాలు, ఫోటోలు ఇప్పుడు లండన్‌లో సోయస్ అనే కాలేజీలో భద్రంగా ఉన్నాయి. మన తాతల మొగాలూ అందులో ఉండొచ్చు. ఇంకొక దొర, మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్, మన తలలూ ముక్కులూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేసినాడు. బొమ్మల కింద ఎక్కువగా కులం పేరే. మనిషి పేరుతో ఆయనకేం పని?

దొరలనే అనడమెందుకు? ఆదివారం చర్చికి పోతాం, బడి సర్టిఫికెట్లో హిందూ మాల, హిందూ మాదిగ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అట్లుంది. క్రైస్తవుడని రాసుకుంటే ఎస్సీ పోయి బీసీ-సి అవుతాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీసినారు. మనకూ తీయమని ఆంధ్ర అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. హోటల్లో వేరే గ్లాసు పెట్టినోడు మాత్రం ఏనాడూ మతం అడగలేదు!

అందుకే బఫెలోలో గౌరవమైన పటం మన పేటలో సాక్ష్యమైపోతుంది. పెండ్లి ఫోటోలో సిలువ కనపడితే రేపు ఎవడన్నా అర్జీ పెడతాడని పెట్టెలో దాచుకునే ఇండ్లున్నాయి. వాళ్లను మేం తప్పుపట్టం. బిడ్డ ఉద్యోగం కదా.

ఇకమీదట కెమెరాతో ఎవరొచ్చినా, దొరైనా మన పిల్లోడైనా, మొదట అడగండి: ఈ పటం యాడికి పోతుంది? కింద ఏం రాస్తావు? ఒక కాపీ పేటకు ఇస్తావా? ఇంట్లో పాత పటాలుంటే ముసలోళ్లు బతికుండగానే కూర్చోబెట్టి పేర్లు అడిగి, వెనకాల పెన్సిలుతో మెల్లగా రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు ఊరుతుంది. ఆ పేర్లు బయట పెట్టాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్ల ఇష్టం. మేం గానీ, సంఘం గానీ బలవంతం చెయ్యం.