ఎరువు తెచ్చుకొన్న నేర్పు

మన మానుకోట రైతు తన పొలము తనదేయని చూపవలెనన్న, నేడు కాగితముతోబాటు కంప్యూటరులోని వివరమును సరిగా నుండవలెను. 2020లో వెలువడిన ధరణి నిర్వహణము 2024లో ప్రైవేటు సంస్థనుండి కేంద్రప్రభుత్వపు ఎన్.ఐ.సి. చేతికి వచ్చినది. 2025లో ధరణి స్థానమున భూభారతి నిలిచినది. ఇట్లు చేతులు మారునప్పుడు, లోగుట్టు నెఱిగినవాడు ప్రభుత్వమున లేకున్న, ఆ లోటు రైతు గడపను తాకును.

దీనికొక మార్గము కలదు: నిపుణులను కొలదికాలము మార్చుకొనుట. అమెరికాలో 2002 నాటి చట్టము ఇందుల కవకాశమిచ్చినది. ప్రభుత్వోద్యోగి కంపెనీకిని, కంపెనీ ఉద్యోగి ప్రభుత్వమునకును 3 నెలలు మొదలు ఏడాదివఱకు పోవచ్చును. మఱియొక యేడు పొడిగింపవచ్చును. తిరిగివచ్చిన ప్రభుత్వోద్యోగి అంతకాలమును ప్రభుత్వకొలువే చేయవలెను. 5 ఏండ్ల గడువుతో వచ్చిన ఆ యేర్పాటు 2007లో ముగిసినది. మన దేశమున నందన్ నీలేకని 2009లో ఇన్ఫోసిస్ విడిచి ఆధార్ సంస్థకు అధ్యక్షుడయ్యెను. 2017లో మరల ఇన్ఫోసిస్ చేరెను. అది ఒక్కరి రాకపోకయే గాని, పద్ధతి కాదు.

రెండిండ్ల చుట్టము ఎవరి మేలు కోరునను శంక సహజమే. అందుచేతనే ఆ చట్టము, ప్రభుత్వమునకు వచ్చిన కంపెనీ ఉద్యోగికి తన కంపెనీకి వ్యాపారలాభము గూర్చు రహస్యములు తెలియగూడదనియు, కంపెనీకి పోయివచ్చిన ప్రభుత్వోద్యోగి అంతకాలమును కొలువుననే యుండవలెననియు కట్టుబాట్లు చేసినది.

ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలనిరి. ఎరువు నేర్పు అట్లు కాకుండవలెనన్న, వచ్చినవాడు పోవుటకు ముందే తాసీల్దారు కచేరిలోని ఉద్యోగికి పని నేర్పవలెను. నేర్పినదానిని తేట తెలుగున వ్రాసి యుంచవలెను. మనిషి మరలిపోయినను విద్య మనయొద్ద నిలుచుటయే మనము కోరవలసిన లాభము.