చిల్లర పొదుపు – ఇంటి లెక్క

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)

పొదుపు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. విషయం పొదుపు గనుక సమయం కూడా పొదుపుగా పది నిమిషాలే ఇచ్చారు.

మనం ఉద్యోగంలో చేరిన రోజుల్లో వచ్చిన కవరును పారవేసేవాళ్లం కాదు. దానిపై ఎకానమీ స్లిప్పు అంటించి మరో ఆఫీసుకు పంపేవాళ్లం. ఒకవైపు రాసిన కాగితం చిత్తు ప్రతికి పనికొచ్చేది. ఆ అలవాటు మనతోపాటు ఇంటికీ వచ్చింది. పిల్లలు దీనిని పిసినారితనమంటారు. కొంతవరకు వాళ్ల మాటా నిజమే. పాత కవర్లతో ఒక అలమర నిండిపోతే అది పొదుపు కాదు, చెత్త.

ఈనాటి ఇల్లు వేరు. కొడుకు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోతాడు, లేదా పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతాడు. కోడలు బడిలోనో బ్యాంకులోనో పని చేస్తుంది. వాళ్లకు కరువైనది తీరిక. చింతపండు అయిపోయిన సంగతి రాత్రి ఎనిమిది గంటలకు గుర్తొస్తుంది. అప్పుడు చిన్న ప్యాకెట్టు ఏ ధరకైనా కొనవలసిందే.

ఆ చింతపండు సంగతే చూడండి. హిందూపురం మార్కెట్ యార్డు చింతపండుకు పేరుపొందినది. కరిపులి, ఫ్లవర్ అని రకాన్నిబట్టి ధర పలుకుతుంది. మా ఇంట్లో నెలకు ఒక కిలో పోతుంది, అంటే ఏడాదికి పన్నెండు కిలోలు. వేసవికి ముందు కొత్త పంట వచ్చినప్పుడు ఒకేసారి తెచ్చి, పెంకు, ఈనె, గింజ తీసి, ఎండబెట్టి, రాళ్లుప్పు చల్లి జాడీలో అదిమి పెడితే ఏడాది నిలుస్తుంది. గింజతో ఉన్నది చౌకగా కనిపిస్తుంది. గింజ బరువు తీసివేసి లెక్క కట్టిన తరువాతే అది చౌకో కాదో తెలుస్తుంది.

అయితే ఆ గింజ తీసేదెవరు? వారమంతా పని చేసి అలసిన కోడలి చేత ఆదివారం చింతపండు కొట్టించి, ఎంత మిగిలిందో చూడమంటే ఇంట్లో శాంతి ఉండదు. ఇంటి పట్టున ఉన్నది మనం. మధ్యాహ్నం వరండాలో కూర్చుని మనమే కొట్టాలి. మా ఇంట్లో ఆ పని నాది. శెనక్కాయలు ఒలిచేదీ నేనే. ఊరుబిండి మాత్రం మా ఇంటావిడ చేస్తేనే బాగుంటుంది, అందులో నేను వేలు పెట్టను.

కరెంటు సంగతి ఒక్కమాట. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్.ఇ.డి. పెడితే, రోజుకు ఐదు గంటల చొప్పున ఒక్క బల్బుకే నెలకు ఏడున్నర యూనిట్లు తగ్గుతాయి. లైట్లు ఆర్పండని రోజంతా అరిచే పని ఉండదు.

ధర్మవరం మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. మగ్గం మీద బతికే ఇంటికి నెల జీతం లేదు, చీర దిగితేనే కూలి. వానలు ఎక్కువై మగ్గం గుంతలో నీరు ఊరితే పని ఆగిపోతుంది. వాళ్లు చీర దిగిన రోజునే తీసి పెట్టుకోవాలి. మనకు నెలనెలా పింఛను వస్తుంది గనుక ఏ సాకూ లేదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో కూడా కట్టవచ్చు. 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లలో కట్టిన 6,000 సుమారు 7,136 అవుతుంది. దానితో మనవరాలి కాలేజీ ఫీజు తీరదు. నెలకు వెయ్యి కడితే 71,000 పైచిలుకు వస్తుంది, అది కొంత ఆదుకుంటుంది.

ఇక పొదుపు చేయకూడని చోట చేసేవారు మనలోనే ఉన్నారు. బి.పి. మాత్రను సగానికి విరిచి వేసుకుంటారు, లేదా రోజు విడిచి రోజు వేసుకుంటారు. బి.పి. చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. పక్షవాతం వచ్చి మంచాన పడితే ఇంటిల్లిపాదీ కష్టపడాలి. జన ఔషధి దుకాణాల్లో బ్రాండు పేరు లేని మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. డాక్టరుగారిని అడిగి మందు అసలు పేరు రాయించుకోండి. మన తల్లులు అందరూ తిన్న తరువాత మిగిలినది తిని పడుకునేవారు. దానిని పొదుపని పొగడడం నాకు ఇష్టం లేదు.

రిటైరైనప్పుడు వచ్చిన మొత్తం గురించి చెప్పి ముగిస్తాను. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీ ఇస్తామని ఇంటికొచ్చేవారిని గుమ్మం దగ్గరే పంపించండి. 2004లో ప్రారంభమైన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము ఉంది. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితిని 15 లక్షల నుండి 30 లక్షలకు పెంచారు, వడ్డీ 8.2 శాతం చేశారు. గడువు ఐదేళ్లు, వడ్డీ మూడు నెలలకొకసారి వస్తుంది. మధ్యలో మూసివేస్తే కొంత కోత పడుతుంది గనుక ఆస్పత్రి ఖర్చుకు కొంత విడిగా ఉంచుకోండి. భార్యతో కలిసి జాయింటుగా తెరవవచ్చు.

ఆమె సంతకం ఒక్కటే చాలదు. పాసుపుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉన్నదో ఆమెకు తెలియాలి. భర్త పోయిన తరువాత, ఆయన ఎక్కడ ఏమి దాచారో తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగిన అమ్మలను మనం చూశాము. ఈ సాయంత్రమే ఖాతా నంబర్లు, నామినీ పేర్లు ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. చెప్పేటప్పుడు కోడలినీ పక్కన కూర్చోబెట్టుకోండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.