బెత్తెడు నీళ్ల మీద బతికేవి

సంక్రాంతి సెలవులకు పిల్లల్ని తీసుకుని ఎటైనా పోదామనుకునేవాళ్లు ఈసారి సముద్రం దిక్కు పోండి. సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. రోడ్డు మీది నుంచే ఫ్లెమింగోలను చూడొచ్చు. మొత్తం గుంపును చూసి వచ్చేయకండి. ఒక్క పక్షిని ఎంచుకుని, దాని కాలికి నీళ్లు ఎంతవరకు తగులుతున్నాయో చూడండి. నీటి పక్షుల బతుకంతా ఆ లోతులోనే ఉంది.

ఫ్లెమింగో కాళ్లతో బురద తొక్కి కలియబెడుతుంది. తల కిందులు చేసి వంకర ముక్కు నీళ్లలో పెడుతుంది. నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి చిమ్ముతుంటే ముక్కు అంచులు జల్లెడలా పనిచేసి నాచును, సన్న పురుగులను ఆపుతాయి. లోతు నీళ్లలో నిలబడి ఈ పని చేయలేదు. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడి సరస్సు తొందరగా ఎండినా దానికి తిండి లేదు.

దగ్గర్లోనే నేలపట్టు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, చేపల వేటకు పులికాట్ దాకా పోయొస్తాయి. అక్కడి రైతులు వాటిని తరమరు. రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు.

కొల్లేరు మాట వస్తే నాకు కడుపు మండుతుంది. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు. అయినా కట్టలు పోసి చేపల చెరువులు తవ్వారు. 2006లో ఎన్నో కట్టలు కొట్టేశారు, ఆక్రమణ మాత్రం ఆగలేదు. నిండా నీళ్లున్నాయి కదా అంటారు. ఆ లోతులో గూడబాతు ఈదుతుంది. ఒడ్డు బురదలో ఏరుకు తినే ఉల్లంకి ఎక్కడ వాలాలి?

ఇక మన సంగంబండ. భీమా ఎత్తిపోతల నీళ్లతో నిండే ఈ రిజర్వాయర్‌లో యాసంగికి నీళ్లు వదిలేకొద్దీ అంచు వెనక్కి జరిగి బురద తేలుతుంది. అప్పుడు ఉదయాన్నే వెళ్లండి. ఎర్రకాళ్ల కొంగ కనబడితే దాని ముక్కునే చూడండి. సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది, కాలితో బురద కదుపుతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. దానికి కళ్లతో వెతికే పనే లేదు. కట్ట మీద నుంచే చూడండి. దగ్గరికి పోతే గుంపు మొత్తం లేస్తుంది, దాని మేత చెడుతుంది.

ఊరి చెరువుల గురించి మీతో ఒక మనవి. జేసీబీలతో శిఖంలో మట్టి తీస్తే ఒడ్డు నిటారు గొయ్యి అవుతుంది. కొంగకు కాలు ఆనదు, గొర్రె దిగి నీళ్లు తాగలేదు. పూడిక పని మీ ఊరికి వచ్చినప్పుడు కనీసం ఒక పక్క ఏటవాలుగా వదలమని గ్రామసభలో లేచి అడగండి.