పిల్లల వాటా ముందే తీద్దాం



బడ్జెట్‌లో డబ్బు చాలకపోతే కోత పడేది తరచూ పిల్లల పద్దుకే. వాళ్లకు ఓటు లేదు, అడిగే నోరు లేదు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజలు 1991లో దీనికొక దారి చూశారు. ఆస్తిపన్నులో కొంత భాగం పిల్లల నిధికే చెందాలని ఓటు వేసి, నగర చార్టర్‌లోనే రాయించారు. 2000లోనూ, 2014లోనూ మళ్లీ ఓటు వేసి ఆ నిధిని నిలబెట్టారు, వాటా పెంచారు. 2014 తీర్మానం ప్రకారం ఆ వాటా 100 డాలర్ల ఆస్తి విలువకు 4 సెంట్లు. పసిపిల్లల సంరక్షణ, బడి వేళ తర్వాతి చదువు, యువతకు ఉపాధి శిక్షణ వంటి పనులు స్థానిక సేవాసంస్థల ద్వారా సాగుతాయి.

అందులో ఒక షరతు ఉంది. ఈ నిధి వచ్చింది కదా అని, నగరం పిల్లలకు అంతకుముందు పెడుతున్న ఖర్చు తగ్గించకూడదు.

మనమూ అంతే. మన చందా అంగన్‌వాడీ గుడ్డుకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు తోడు కావాలి గానీ బదులు కారాదు. సంఘం ఆదాయంలో పిల్లల వాటా ముందే తీసి పెడదాం. మున్సిపల్ బడ్జెట్ వేళ మన వార్డు పిల్లలకు ఎంత కేటాయించారో వెళ్లి అడుగుదాం.