ఎం-బుక్కు లేని బిల్లు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కరువుభత్యం గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అవి చెప్పగల సమర్థులు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నేను మా ఇంటి నేల గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. నవ్వకండి. గ్రాట్యుటీ డబ్బులో ఎంతో కొంత ఇల్లు బాగుచేయించడానికి ఖర్చుపెట్టనివారు మనలో అరుదు. ఆ ఖర్చులో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఈ ప్రసంగం.

నేను ఇంజనీరింగ్ డివిజన్ ఆఫీసులో అకౌంట్సు సెక్షన్‌లో 33 ఏళ్ళు పనిచేశాను. కాంట్రాక్టరు బిల్లు పెడితే నేను మొదట చూసేది ఎం-బుక్కు. కొలత ఎక్కిందా, చెక్ మెజర్‌మెంటు జరిగిందా, సంతకం ఉందా? ఏ ఒక్కటి లేకపోయినా ఎర్రసిరాతో రాసి ఫైలు వెనక్కి పంపేవాడిని. ఇంత చాదస్తం ఏమిటని మా ఇంజనీర్లు విసుక్కునేవారు. అలాంటి నేను నా సొంత ఇంట్లో, కొలత లేకుండా, కాగితం లేకుండా రూ. 50,000/- నగదు మనిషి చేతిలో పెట్టాను.

మా ఇల్లు 1988లో కట్టుకున్నది. హాలులో మొజాయిక్, మిగిలిన గదుల్లో బేతంచెర్ల నాపరాళ్ళు. ముప్ఫై ఏళ్ళకు రాళ్ళ సందులు విచ్చుకున్నాయి, వానాకాలంలో చెమ్మ ఎక్కేది. 2019లో టైల్సు వేయించాలని నిర్ణయించాం. పాత మిత్రుడొకరు తనకు తెలిసిన కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చారు. మనిషి మర్యాదస్తుడు. “మీరు మా నాన్నగారిలాంటివారు సార్, మీ ఇల్లు నా ఇల్లనుకుని చేస్తాను” అన్నాడు. సిమెంటు, ఇసుక, కూలి, పాత నేల పగలగొట్టడం, ఆ రాళ్ళూ మట్టీ మోయించడం అన్నీ కలిపి చదరపు అడుగుకు రూ. 95/- చొప్పున 860 అడుగులకు రూ. 81,700/- అని చెప్పాడు. టైల్సు మేమే కొనుక్కోవాలి.

ఆ రాత్రి మా ఇంటావిడ అడిగింది: “ఏమండీ, కాగితం ఏమైనా రాసుకున్నారా?” అని. “మనవాళ్ళు తెచ్చిన మనిషే, కాగితం అడిగితే బాగుండదు” అన్నాను. ఆఫీసులో ఎవరినైనా అడిగినవాడిని, ఇంట్లో మొహమాటపడ్డాను.

మూడు రోజుల్లో ఇల్లంతా పగలగొట్టేశారు. ఒక్క పడకగదికి టైల్సు వేశారు. ఆ తర్వాత మనిషి కనబడలేదు. ఫోను చేస్తే “రేపు సార్” అనేవాడు. ఆ రేపు ఎన్నడూ రాలేదు. వంటింట్లోకి వెళ్ళాలంటే గుల్ల నేల మీద చెక్కలు పరుచుకుని నడిచేవాళ్ళం. పదిహేనో రోజు రాత్రి మంచినీళ్ళకని లేచిన మా ఇంటావిడ ఆ చెక్క జారి పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇప్పటికీ నీళ్ళ బిందె ఆ చేత్తో ఎత్తలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఇంకొక సంగతి. ఒక ఉదయం ఇద్దరు కుర్రాళ్ళు మా గుమ్మంలో నిలబడ్డారు. మా ఇల్లు పగలగొట్టిన కూలీలే. “మూడు రోజుల కూలి మాకు ఇవ్వలేదు బాబుగారూ, మీరేమైనా ఇప్పిస్తారా?” అని అడిగారు. నేనిచ్చిన యాభైవేలలో వాళ్ళకు మూడు రోజుల కూలి కూడా చేరలేదన్నమాట! మోసపోయింది నేనొక్కడినే కాదని అప్పుడు తెలిసింది. వాళ్ళ కూలి నేనే ఇచ్చి పంపించాను.

ఆ తర్వాతే టేపు పట్టుకుని ఇల్లు కొలిచాను. గదుల లోపలి కొలత 742 చదరపు అడుగులు మాత్రమే. అతను గోడల మందంతో సహా ప్లింతు ఏరియా మీద లెక్క కట్టాడు. 118 అడుగుల తేడా, రూ. 95/- చొప్పున రూ. 11,210/-. జీవితమంతా కొలతలు సరిచూసినవాడికి ఇది తెలియలేదంటే ఏమనాలి? తెలియక కాదు, చూడలేదు. అంతే.

మిత్రులారా, ఇక రెండోసారి ఏం చేశామో చెబుతాను. అదే మీకు పనికివచ్చేది. ఒక టైల్సు మేస్త్రీని పిలిచాం. ముందుగా అతను ఈమధ్య వేసిన రెండు ఇళ్ళు చూసి వచ్చాను. ఆ ఇంటివాళ్ళతో మేస్త్రీ లేనప్పుడు మాట్లాడాను. ఇద్దరూ కలిసి గది గదికీ కొలత వేసి ఒక నోటుబుక్కులో రాశాం. స్కర్టింగు విడిగా, అడుగుల పొడవులో రాశాం. కింద ఇద్దరం సంతకాలు చేశాం. మా ఇంటావిడ దానికి ఎం-బుక్కు అని పేరు పెట్టింది.

టైల్సు కొనే లెక్క కూడా చెబుతాను. మనం రెండడుగుల టైలు అంటున్నది నిజానికి 600 మిల్లీమీటర్లది. నాలుగు టైల్సున్న బాక్సుకు 16 చదరపు అడుగులు రావు, 15.5 వస్తాయి. మా 742 అడుగులకు కటింగుల్లో పోయేది పది శాతం కలిపితే సుమారు 816. బాక్సుకు 16 చొప్పున 51 బాక్సులు చాలనిపిస్తుంది, అసలు లెక్కకు 53 కావాలి. తక్కువ పడితే ఏమవుతుంది? మళ్ళీ వెళ్ళేసరికి ఆ బ్యాచి ఉండదు, రంగులో కొద్దిగా తేడా వస్తుంది. అందుకని బాక్సులన్నిటి మీదా బ్యాచి నంబరు, షేడు నంబరు ఒకటేనా అని షాపులోనే చూసుకోవాలి. మిగిలిన నాలుగు టైల్సు అటక మీద దాచుకోవాలి. జి.ఎస్.టి. బిల్లు తప్పక తీసుకోవాలి.

కాగితం మీద ఏం రాసుకోవాలి? పెద్ద దస్తావేజు అక్కరలేదు, ఒక పేజీ చాలు. కొలత, రేటు. ఆ రేటులో ఏమేమి కలిసి ఉన్నాయి: పగలగొట్టడం, మట్టి మోయించడం, సిమెంటు, స్కర్టింగు, సందులు నింపడం, తలుపులు కింద కోయడం. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తికావాలి. డబ్బు ఏ మెట్టులో ఎంత. ఇల్లంతా ఒకేసారి పగలగొట్టకూడదు, ఒక గది పూర్తయ్యాకే రెండోది ముట్టుకోవాలి. ఈ చివరి షరతు ముందే రాసుకుని ఉంటే మా ఇంటావిడ చెయ్యి విరిగేది కాదు.

డబ్బు విషయంలో మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: పని ముందు నడవాలి, డబ్బు దాని వెనక ఒక అడుగు దూరంలో నడవాలి. మొదట సామాను తెచ్చుకోవడానికి కొద్దిగా ఇచ్చాం. తర్వాత గది పూర్తయినప్పుడల్లా కొలిచి, రాసి, ఆ సాయంత్రమే బ్యాంకు ద్వారా ఇచ్చాం. మొత్తంలో పది శాతం నెల రోజులు ఆపుకుంటామని ముందే చెప్పాం. మన ఆఫీసుల్లో సెక్యూరిటీ డిపాజిట్టు పట్టుకునేవాళ్ళం గదా, అదే పద్ధతి. మేస్త్రీ ఏమీ నొచ్చుకోలేదు. “ఇలాగైతే నాకూ నిశ్చింత బాబుగారూ, చేసిన పనికి డబ్బు ఆగదు” అన్నాడు. కాగితం అడిగితే మంచి పనివాడికి అవమానం అనుకోవడం నా భ్రమే. కాగితం అతనికీ రక్షణే.

పని జరిగేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపు పీల్చుకోదు. అందువల్ల ఉత్త సిమెంటు పాలతో సరిగా అంటుకోదు. దానికి టైల్ అడ్హెసివ్ వాడటం మేలు. టైలుకూ టైలుకూ మధ్య స్పేసర్లు పెట్టించి సన్నటి సందు వదిలించాలి. ఆరిన తర్వాత రూపాయి బిళ్ళతో ప్రతి టైలునూ తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టే. బరువైన వస్తువు పడితే అక్కడే పగులుతుంది. చివరి డబ్బు ఇవ్వకముందే అది మార్పించుకోవాలి.

పాత నేల గట్టిగా ఉంటే పగలగొట్టకుండా దాని మీదే అడ్హెసివ్‌తో వేయించవచ్చు. దుమ్ము, ఖర్చు తగ్గుతాయి. కాని నేల ఎత్తు పెరుగుతుంది. తలుపులు కోయాలి. మెట్ల దగ్గర మొదటి మెట్టు ఎత్తు తగ్గి మిగతావాటితో సమానంగా ఉండదు. కాలికి అలవాటైన ఎత్తు మారితే తూలిపడతాం, మన వయసులో మరీ జాగ్రత్త. మేడ మీద గదైతే బరువు కూడా చూసుకోవాలి. రెండు అంగుళాల సిమెంటు బెడ్డు చదరపు అడుగుకు సుమారు 10 కిలోలుంటుంది. అంటే వంద అడుగుల గదికి ఒక టన్ను. ఇంజనీరును అడగకుండా పాత శ్లాబు మీద అంత బరువు పెట్టకండి.

ఇక స్నానాల గది. షాపులో దీపాల కింద తళతళలాడే టైలు అందరికీ నచ్చుతుంది. తడి పాదం దాని మీద నిలవదు. బాత్రూముకు, పెరటి గుమ్మానికి, వంటింట్లో సింకు దగ్గరకు గరుకు మ్యాటు టైలే తీసుకోండి. షాపులోనే ఒక టైలు మీద నీళ్ళు పోయించి, చెప్పు లేని కాలితో రుద్ది చూడండి. నీళ్ళు పోయే వాటం అయిదడుగుల గదికి ముప్పావు అంగుళమైనా ఉండాలి. టైల్సు వేసిన మర్నాడు ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి ఎక్కడా నిలవలేదని చూసుకోండి. గోడకు పట్టుకునే రాడ్డు బిగించాలనుకుంటే ఆ చోటు టైల్సుకు ముందే గుర్తుపెట్టించాలి.

పనివాళ్ళ సంగతి కూడా మరువకూడదు. టైలు, రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. నీళ్ళు పోస్తూ కోయమని చెప్పండి, ముక్కుకు మాస్కులు మీరే కొనివ్వండి. ఇంట్లో ఆయాసం ఉన్నవారుంటే ఆ వారం రోజులు బంధువుల ఇంటికి పంపడం మంచిది. కూలి రోజు కూలికి చేరుతున్నదా అని ఒక్క మాట అడగండి. ఆ మాట నేను మొదట్లోనే అడిగి ఉంటే, ఆ ఇద్దరు కుర్రాళ్ళు నా గుమ్మంలో నిలబడవలసిన అవసరం వచ్చేది కాదు.

ఇంత చేసినా మోసపోతే? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని పని చేయకపోవడం సేవాలోపమే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మనం నివసించే జిల్లాలోనే, రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. మనం చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. కాని అక్కడ మొదట అడిగేది కాగితమే. నా దగ్గర ఒక్క రసీదు కూడా లేదు. అందుకే నేను ఆ గడప తొక్కలేకపోయాను.

నష్టపోయిన డబ్బు కొన్ని నెలల పెన్షనుతో పూడింది. మా ఇంటావిడ మణికట్టు పూడలేదు. ఇప్పుడు మా ఇంటికి ప్లంబరు వచ్చినా, రంగులు వేసేవాడు వచ్చినా, ఆమె ముందు మంచినీళ్ళిస్తుంది, తర్వాత ఆ నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కావని నాకు నేర్పింది ఆవిడే.

ఆఫీసులో ప్రభుత్వ సొమ్మును కాపాడినట్టే, ఇంట్లో మన సొమ్మునూ, మనవాళ్ళ ఎముకలనూ కాపాడుకుందాం.