ఒక్క మిల్లీవోల్టు



అధ్యక్షపీఠం నుంచి శాస్త్రం సాధించిన ఘనవిజయాలన్నీ ఏకరువు పెట్టడం ఆనవాయితీ. ఈరోజు ఒకే ఒక్క పదార్థం గురించి, అదీ ఈ నేల నీళ్ళలో ఉన్నదాని గురించి మాట్లాడతాను. పుట్టపర్తికి వచ్చి ఫ్లోరైడు ప్రస్తావన లేకుండా సూక్ష్మ పరిమాణాల కొలతను చర్చించడం నాకు న్యాయంగా తోచలేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. చిత్రావతిలో నీళ్ళకన్నా ఇసుక కనిపించే నెలలే ఎక్కువ. జనం నమ్ముకున్నది బోరును. బోరు లోతుకు పోయేకొద్దీ అందే నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు. ఇక్కడి గ్రానైటు, నైసు రాళ్ళలో ఉన్న బయొటైటు, అపటైటు లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు అందులోకి దిగుతుంది. నీటిలోని కాల్షియం సుద్దగా విడిపోయి, సోడియం, బైకార్బొనేటు మిగిలినచోట ఫ్లోరైడును కట్టిపడేసేది ఉండదు, ఇంకా పెరుగుతుంది. రంగు మారదు, వాసన రాదు. పిల్లల పళ్ళకు గార పట్టి, పెద్దల నడుము, కీళ్ళు బిగుసుకుపోయాక గానీ ఊరికి తెలియదు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును షార్ట్, ఆయన సహచరులు 1937లో వైద్యలోకం దృష్టికి తెచ్చారు. 1990ల నడుమ సత్యసాయి మంచినీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్ళు చేర్చింది. ఈ నేల మీద అది చాలా పెద్ద మేలు. కానీ కుళాయి రాని రోజున మళ్ళీ బోరే గతి.

మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే ఆధారం లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. అంటే ఐదువేల లీటర్ల ట్యాంకరులో ఏడున్నర గ్రాములు. ఒక బోరును వాడవచ్చా, మూసెయ్యాలా అన్నది ఈ గీత దగ్గరే తేలుతుంది. నీటిలో 1.4 ఉందా, 1.6 ఉందా అన్న ప్రశ్నకు మన పరికరం ఏం జవాబిస్తుందో దగ్గరగా చూద్దాం.

ఆ పరికరం 1966లో ఫ్రాంట్, రాస్ తయారుచేసిన ఫ్లోరైడు ఎలక్ట్రోడ్. దాని మొనలో లాంథనం ఫ్లోరైడు స్ఫటికం ఉంటుంది. నీటిలో ఫ్లోరైడు పదిరెట్లు మారితే 25 డిగ్రీల వద్ద దాని వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఆ లెక్కన 1.4కూ 1.6కూ మధ్య ఉన్న తేడా మూడున్నర మిల్లీవోల్టుల లోపే. ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే ఫలితంలో దాదాపు నాలుగు శాతం తప్పు. మన ఎండల్లో జీపులో వచ్చిన సీసాను అలాగే తెరిచి, ఏసీ గదిలోని ప్రమాణ ద్రావణాలతో పోల్చామనుకోండి. వేడి ఒక్కటే ఆ మాత్రం తేడా తెచ్చిపెడుతుంది. ప్లాస్టిక్ బీకరులో, ఒకే ఉష్ణోగ్రతలో, అంకె కుదురుకునేదాకా ఓపికపట్టి చదివినవాడి కొలతే కొలత.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇంకొకటి ఉంది. నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతి మీకందరికీ తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడగట్టడం. మోతాదు కుదరకపోతే నీటిలో అల్యూమినియం కొంత మిగిలిపోతుంది. అది ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు అందేది విడిగా తిరిగే ఫ్లోరైడు మాత్రమే, పట్టుబడ్డది అందదు. కనుక నీరు నిజంగా శుద్ధి అయినట్టే అంకె దిగివస్తుంది, ఫ్లోరైడు మాత్రం గ్లాసులోనే ఉంటుంది. ఫ్లోరైడును కొలిచే మరో దారి, జిర్కోనియం రంగు వెలిసే పద్ధతికీ అల్యూమినియంతో ఇదే చిక్కు. అల్యూమినియాన్ని తాను పట్టుకుని ఫ్లోరైడును విడిపించే మందును బఫరులో కలపాలి, దాని పనికి వ్యవధి ఇవ్వాలి. శుద్ధి చేశామని చెప్పుకునే నీళ్ళ దగ్గరే మన పద్ధతి మనల్ని మోసగించగలదు. ఈ ఒక్క జాగ్రత్త ప్రతి నీటి పరీక్షశాల గోడ మీదా రాసి ఉండాలని నా కోరిక.

కొలతలోని చిక్కును తోసిపుచ్చకుండా దాని వెంటపడినవాడు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది, క్షయకరణి తగలగానే నీలం తేలుతుంది, నీలం చిక్కదనమే లెక్క. కండరాల సారంతో చేసినప్పుడు మాత్రం ఆ నీలం ఒక్కసారిగా రాక, ఆగి ఆగి ముదరసాగింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని సీసా పారబోసేవారేమో. వారిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్న కొత్త పదార్థం దొరికింది: ఫాస్ఫోక్రియేటిన్, 1927లో. రెండేళ్ళకు ఏటీపీ కూడా దొరికింది. కండరం శక్తిని ఎలా ఖర్చుచేస్తుందో చెప్పే అధ్యాయానికి ఆలస్యంగా వచ్చిన ఆ నీలం రంగే తలుపు తీసింది.

ఇప్పుడు ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటరు లీటరులో మైక్రోగ్రాము కంటే బాగా తక్కువను కూడా చూడగలదు. తాగునీటిలో ఆర్సెనిక్‌కు హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, యురేనియానికి 30. అక్కడ పరికరం కన్నా మన చేతులే పెద్ద సమస్య. సీసా గోడ, ఆమ్లం, గదిలోని దుమ్ము అన్నీ నమూనాలో చేరతాయి. హైదరాబాదులోని పదార్థ సంఘటన విశ్లేషణ జాతీయ కేంద్రం లాంటి చోట్ల ఇందుకే గాలిని వడగట్టి పనిచేస్తారు. నమూనా లేకుండా చేసిన కొలతను, అంటే బ్లాంకు విలువను దాచి ఫలితాన్ని మాత్రమే ప్రకటించే పత్రం నా దృష్టిలో సగం పత్రమే.

ఈ సభను ఒకటే కోరుతున్నాను. ఈ జిల్లాలో రసాయనశాస్త్రం చెప్పే కళాశాలలన్నీ ఒకే బోరు నీటిని, ఒకే శుద్ధి నీటిని పంచుకుని పరీక్షించాలి. తెలిసిన మోతాదు ఫ్లోరైడు కలిపిన మూడో సీసాను కూడా ఏది ఏదో చెప్పకుండా పంపాలి. ఉష్ణోగ్రత, బ్లాంకు, మిగిలిన అల్యూమినియం, కలిపినదాంట్లో తిరిగి ఎంత దొరికింది అన్నవి అంకె పక్కనే రాయాలి. ఫలితాలను ముందు బోరు ఉన్న ఊరి పంచాయతీకి ఇద్దాం, ఆ తరువాతే పత్రికకు పంపుదాం.